చల్లబండి ఎద్దు, రేవు దీపం

అనగనగా ఒక రేవు. దాని పేరు నీలాలరేవు. అప్పట్లో నీటి మీద తెరచాపలు, నేల మీద ఎడ్లబండ్లు తిరిగేవి. ఎవరికీ ఇప్పుడున్నంత తొందర ఉండేది కాదు. ఆ రోజుల్లో పశువులు మాట్లాడేవట కూడా. ఇప్పుడూ మాట్లాడుతున్నాయేమో, వినే తీరిక మనకే లేకపోయింది.

ఆ రేవు చివర రాళ్ల గుట్ట మీద ఒక దీపస్తంభం ఉండేది. పొద్దు వాలేసరికి దాని మీద దీపం వెలగాలి. దీపం వెలిగితే పడవలకు దారి తెలుస్తుంది. వెలగలేదా, వచ్చి ఆ రాళ్లకే కొట్టుకుంటాయి. ఆ దీపం పెట్టేవాడి పేరు అచ్చయ్య. వాళ్ల తాత పెట్టాడు, వాళ్ల నాన్న పెట్టాడు, ఇప్పుడు అచ్చయ్య పెడుతున్నాడు. అందుకే ఊళ్లో అందరూ అతన్ని దీపాల అచ్చయ్య అనేవారు.

అచ్చయ్య ఇల్లు ఊరికి పైన, కొండవాలులో. అక్కడి నుంచి రేవు అరకోసు. ఓస్, అంతేనా అంటారు మీరు. మీ మోకాళ్లు బాగున్నాయి గనక అంటారు. ముసలితనం వచ్చి, మోకాళ్లు వాచి, చంకలో నూనె కూజా పెట్టుకుని దిగి చూడండి, తెలుస్తుంది. అచ్చయ్యకు ఆ అరకోసే కాశీ ప్రయాణం.

అయినా ఎన్నో ఏళ్లు అతనికి ఆ కష్టం తెలియలేదు. ఎందుకంటే గంగులు ఉండేవాడు.

గంగులంటే అచ్చయ్య ఒంటెద్దు బండి లాగే ఎద్దు. మెడలో ఇత్తడి గంట. రోజూ సాయంత్రం ఆ గంట మోగించుకుంటూ కొండ దిగేవాడు. ఆ మోత విని ఆడవాళ్లు, "గంగులు గంట వినిపించింది, పొయ్యి రాజెయ్యండే" అనేవారు. వీధిలో ఆడుకునే పిల్లలు కాళ్లు కడుక్కోవడానికి పరుగెత్తేవారు. ఆ ఊరికి గడియారం లేదు. గంగులే గడియారం.

ఏ ఎద్దయినా ఎన్నాళ్లుంటుంది? ఒక వేసవిలో గంగులు పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. ఆ బెంగ బండికీ పట్టిందేమో, నెల తిరక్కుండానే ఇరుసు విరిగింది. అచ్చయ్య గంటను తెచ్చి వంటింటి గోడ మేకుకు తగిలించాడు. రోజూ అన్నం తింటూ దాన్ని చూసేవాడు. ముద్ద దిగేది కాదు.

వేసవి అంతా ఇరుగుపొరుగు వాళ్లు తలా ఒక రోజు బండి కట్టి అచ్చయ్యను రేవుకు దింపారు. తొలకరి పడింది. ఎడ్లన్నీ పొలాల్లోకి పోయాయి. ఇక ఎవరిని అడుగుతాడు?

అప్పుడు అతని భార్య నూకాలు అంది, "మావా, ఎన్నాళ్లని ఆ మేకు వంక చూస్తావు? సంతకు వెళ్లి ఒక పాత బండి, ఒక పాత పశువు చూడు. కొత్తవి కొనే తాహతు మనకెలాగూ లేదు."

"గంగులు లాంటిది మళ్లీ దొరుకుతుందంటావా?"

"గంగులు లాంటిది దొరకదు. రేవుకు తీసుకెళ్లేది దొరుకుతుంది. మనకు కావలసింది అది."

ఆడది చెప్పినంత తేలిగ్గా మగవాడికి బుర్రకెక్కితే ఈ కథే ఉండేది కాదు. సరే, వినండి.

అదే రోజు రేవు పెద్ద వరాహాలయ్య గడప దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. మంచివాడే గానీ, రాజుగారి మాట జవదాటేవాడు కాదు.

"అచ్చయ్యా, ఇది పడవలు తిరిగొచ్చే కాలం. రాజుగారి కట్టడి నీకు తెలుసు కదా. ఈ కాలంలో దీపం మూడుసార్లు ఆలస్యమైతే చేయి మారాలి. నీ మీద నాకు గౌరవమే. కానీ పడవల్లో ఉండేవి ప్రాణాలు."

"మా తాతనాటి దీపం బాబూ. నా చేతిలో ఆలస్యం కాదు" అన్నాడు అచ్చయ్య. అన్నాడే గానీ లోపల భయమే. అతనికి పొలం లేదు, పుట్రా లేదు. ఆ దీపం పోతే తనను ఏ పేరుతో పిలుస్తారో కూడా అతనికి తెలియదు.

మర్నాడు అచ్చయ్య సంతకు బయలుదేరాడు.

రోజూ సాగే నీలాలరేవు సంతలో ఒక మంచి కట్టుబాటు ఉండేది. పాత బండి గానీ, పాత పశువు గానీ కొనేవాడు ఒక సాయంత్రం తోలి చూసుకోవచ్చు. నచ్చితే బేరం. నచ్చకపోతే మర్నాడు ఒక మోపు పచ్చగడ్డితో తిరిగి అప్పగించాలి. మాట పట్టింపు ఏమీ ఉండదు. పెద్దవాళ్లు ఎంత ఆలోచించి పెట్టారో చూడండి.

సంత మొదట్లోనే, తుమ్మచెట్టు నీడన చల్ల అమ్మే పైడమ్మ కూర్చుని ఉంది. చల్లంటే మజ్జిగ. జీవితమంతా బండి మీద కుండలు పెట్టుకుని ఇంటింటికీ చల్ల పోసిన మనిషి. ఇప్పుడు నడుం వంగింది, కుండ ఎత్తలేకపోతోంది. పక్కన ఆమె బండి, బండికి కట్టి ఒక పొట్టి ఎద్దు. బూడిద రంగు. ఒక కొమ్ము సగానికి విరిగింది. వీపు మీద ఒక వెంట్రుకల సుడి.

మన సంతల్లో పశువును కొనేముందు సుడులు చూస్తారు కదా. నుదుట ఉంటే ఒక ఫలం, మెడ మీద ఉంటే ఒక ఫలం. వీపు మీద అడ్డంగా ఉన్నదాన్ని పాడెసుడి అనేవారు. అది ఉన్న ఎద్దు గడపలోకి వస్తే ఇంట్లోంచి పాడె లేస్తుందని భయం. అచ్చయ్య ఆ సుడి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"భయపడకు తమ్ముడూ" అంది పైడమ్మ. "వీడి పేరు చల్లన్న. వీడిలో లోపాలున్నాయి. ముందే చెబుతున్నాను, విను. ఒకటి, నేను చల్ల పోసిన ప్రతి గుమ్మం ముందూ ఆగుతాడు. లోపలి నుంచి ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తే గానీ కదలడు. రెండు, కర్ర చూపించినా, కన్నీళ్లు పెట్టుకున్నా పరుగెత్తడు. మూడు, ఒరేయ్ అంటే వినడు. నాయనా అనాలి."

అచ్చయ్యకు నవ్వాగలేదు. "లోపాలు చెప్పి అమ్మే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను పైడమ్మక్కా! ఇలాగైతే నీ ఎద్దును ఎవరు కొంటారు?"

"కొనేవాడు తిట్టుకుంటూ తోలితే వాడికీ సుఖం లేదు, వీడికీ లేదు" అంది పైడమ్మ. "అయినా వీణ్ణి పొలం దున్నేవాడికి ఇవ్వను. దూరాలు తోలేవాడికీ ఇవ్వను. వీడికి ఊరే లోకం."

అంతలో ఎవరో అచ్చయ్య భుజం మీద చెయ్యి వేశారు. చూస్తే సన్యాసయ్య. పేరుకు సన్యాసి, చేసేది దళారీ. లేని చుట్టరికం కలుపుకోవడంలో అతన్ని మించినవాడు లేడు.

"అచ్చయ్య బావా! దీపాల వంశంలో పుట్టి ఒంటికొమ్ము ఎద్దు ముందు నిలబడ్డావేమిటి? పాడెసుడి కనపడటం లేదూ? రా రా, నీకు తగింది నా దగ్గరుంది."

అతను చూపించింది ఒక గుర్రం, దానికో తేలికపాటి బండి. తెల్లటి గుర్రం. నుదుట చక్కని సుడి. రాజుగారి లాయంలో పనిచేసి వయసు మీరి అమ్మకానికి వచ్చింది. బండికి ఇత్తడి పువ్వులు కొట్టి ఉన్నాయి.

"నువ్వు ఆవులించి నోరు మూసేలోపు రేవులో ఉంటావు బావా. అంతే!"

అచ్చయ్యకు గంగులు పడుచుతనం గుర్తొచ్చింది. కొండ దిగుతుంటే చెవుల్లో గాలి ఈలలు వేసిన రోజులు గుర్తొచ్చాయి. ఇంకేముంది? గుర్రాన్ని తోలుకుని ఇంటికొచ్చాడు.

వీధి వీధంతా చూడటానికి వచ్చింది. అచ్చయ్య అరుగు మీద కూర్చుని తాంబూలం వేసుకుంటూ గుర్రం గొప్పలు చెప్పాడు. ఎంతసేపు చెప్పినా తనివి తీరలేదు. "పొద్దు వాలుతోంది మావా" అని నూకాలు లోపలి నుంచి కేకేసింది. "ఆవులించి నోరు మూసేలోపు వెళ్తానే!" అన్నాడు అచ్చయ్య. సూర్యుడు తాటితలలకు దిగాక గానీ లేవలేదు.

గుర్రం బయలుదేరింది. అబ్బో, ఏం నడక! కొండ దిగింది, బజారు దాటింది, రేవు వచ్చింది. అచ్చయ్య పగ్గం లాగాడు. గుర్రం ఆగలేదు. దీపస్తంభం వెనక్కి పోయింది. ఉప్పుమళ్లు వెనక్కి పోయాయి. "ఆగు, ఆగు తల్లీ!" అని అచ్చయ్య అరుస్తూనే ఉన్నాడు. ఆఖరికి అది రాజుగారి కోట గుమ్మం ముందు ఆగి, ఒళ్లు దులుపుకుంది.

"ఏం గుర్రానివే నువ్వు? రేవులో ఆగమంటే ఆగవేం?" అన్నాడు అచ్చయ్య ఏడుపు గొంతుతో.

"అరకోసులో ఆగడం నాకెవరూ నేర్పలేదయ్యా" అంది గుర్రం. "నాకు ఒళ్లు వేడెక్కేదే కోసు దాటాక."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా!"

"అడిగితే చెప్పేదాన్ని. నువ్వు నన్ను అడగలేదు, దళారీని అడిగావు."

అచ్చయ్య బండి వెనక్కి తిప్పుకుని వచ్చేసరికి రేవులో చీకటి పడింది. ఒక చేపల పడవ రాళ్లకు రాసుకుని, పక్కచెక్క ఊడి, బిక్కుబిక్కుమంటూ ఒడ్డుకు చేరింది. దేవుడి దయ, ఎవరికీ దెబ్బలు తగలలేదు. గట్టు మీద నిలబడ్డ వరాహాలయ్య కోప్పడలేదు. "ఇది ఒకటి అచ్చయ్యా" అని మాత్రం అన్నాడు. కోప్పడినా బాగుండేదనిపించింది అచ్చయ్యకు.

మర్నాడు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గుర్రాన్ని అప్పగించడానికి వెళ్లాడు. సన్యాసయ్య మొహంలో ఒక్క గీత కూడా మారలేదు.

"నాకు తెలుసు బావా, నీకు పరుగు పడదు. నీకు కావలసింది మాట వినేది. ఇదిగో, దీన్ని చూడు!"

అది గంగిరెద్దు. వీపు మీద రంగురంగుల బొంత, మెడలో గవ్వలు, నుదుట సుడి, కొమ్ములకు కుచ్చులు. ఆడించేవాడు ముసలివాడై ఆట మానేశాడట. ఇప్పుడు ఒక బండికి కట్టి అమ్ముతున్నారు.

ఈసారి అచ్చయ్య తెలివి తెచ్చుకున్నాడు. దళారీని పక్కకు జరగమని, ఎద్దునే అడిగాడు.

"రేవుకు తీసుకెళ్తావా?"

గంగిరెద్దు బుద్ధిగా తల ఊపింది.

"చెప్పినచోట ఆగుతావా?"

ఊపింది.

"దారిలో ఇంకెక్కడా ఆగవు కదా?"

దానికీ ఊపింది. అచ్చయ్య ప్రాణం లేచొచ్చింది. గంగులు కూడా ఇలాగే తన మాటకు తల ఆడించేవాడు మరి. దాన్ని తోలుకుని ఇంటికొచ్చి, "చూడవే, దీనికెంత వినయమో!" అని నూకాలుకు చూపించాడు.

నూకాలు దాన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వు గాడిదవా అని ఓసారి అడిగి చూడు మావా" అని లోపలికి పోయింది.

అచ్చయ్యకు కోపం వచ్చింది. కానీ ఆమె అటు వెళ్లగానే, చుట్టూ చూసి, మెల్లిగా అడిగాడు, "నువ్వు గాడిదవా?"

గంగిరెద్దు ఎంతో వినయంగా తల ఊపింది.

అచ్చయ్య గుండె జారిపోయింది. కానీ ఏం చేస్తాడు, పొద్దు వాలుతోంది. నూనె కూజా బండిలో పెట్టి తోలాడు. బజారు దాకా ఎద్దు బాగానే నడిచింది. బజారు మలుపులో పెళ్లి ఊరేగింపు ఎదురైంది. సన్నాయి మోగింది. అంతే! గంగిరెద్దు ముందుకాళ్లు ఎత్తి, కాడితో సహా ఆట మొదలుపెట్టింది. పెళ్లికొడుక్కి మోకరిల్లి దండం పెట్టింది. వీధిలో ఆడవాళ్లు చేటల్లో బియ్యం తెచ్చారు. పెళ్లివారు చప్పట్లు కొట్టారు. ఒకాయన అచ్చయ్య భుజాన పాత పంచె కూడా కప్పాడు. అచ్చయ్య ఆ పంచె భుజాన వేసుకుని నడివీధిలో ఏడ్చినంత పని చేశాడు.

"ఆగనని తల ఊపావు కదే!"

"తల ఊపడమే నా వృత్తి అయ్యగారూ" అంది గంగిరెద్దు. "కాదనడం నాకెవరూ నేర్పలేదు."

ఆ సాయంత్రం కూడా దీపం ఆలస్యమైంది. వరాహాలయ్య ఈసారి కళ్లెత్తి చూడలేదు. "ఇది రెండు అచ్చయ్యా. రేపు పొద్దు వాలేసరికి నేనే వచ్చి స్తంభం దగ్గర నిలబడతాను. ఆలస్యమైతే తాళంచెవి నా చేతికిచ్చెయ్" అన్నాడు.

అచ్చయ్య ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. గోడ మీది గంట వంక చూశాడు. దుఃఖం పొంగుకొచ్చింది.

"గంగులు పోయాడే. వాడితోనే నా దీపమూ పోయింది. ఏ పశువును చూసినా వాడి పరుగు కావాలనిపిస్తుంది, వాడి వినయం కావాలనిపిస్తుంది. వాడిలో ఒక్క లోపం ఉందా చెప్పు?"

నూకాలు చారు పోస్తున్నది కాస్తా ఆగిపోయింది.

"లోపం లేదా? మావా, నువ్వు మరీను! గంగుల్ని మనం కొన్నది కల్లుపాక వాడి దగ్గర. గుర్తుందా? వచ్చిన కొత్తలో రోజూ రేవుకు వెళ్తూ కల్లుపాక ముందు నిలబడిపోయేవాడు. నీకు కల్లు అలవాటైందని ఊరంతా గుప్పుమంది. మా నాన్న నన్ను తీసుకెళ్లిపోవడానికి వచ్చాడు కూడా!"

అచ్చయ్య నోరు తెరిచాడు. నిజమే. తను మరిచిపోయాడు.

"చివరిదాకా వాడు అక్కడ ఆగుతూనే ఉన్నాడు మావా. కాకపోతే నీకు తెలుసు గనక కాస్త ముందుగా బయలుదేరేవాడివి. వాడు ఆగిన కాసేపూ నువ్వు కూజా మూత బిగించుకుంటూ, వాడి మెడ నిమురుతూ ఉండేవాడివి. తెలిసిన లోపం కదా, కొన్నాళ్లకు అది లోపంలా కనపడటం మానేసింది."

గంగులు పోయాక ఆ రాత్రే మొదటిసారి అచ్చయ్య నవ్వుతూ అన్నం తిన్నాడు.

తెల్లవారింది. గంగిరెద్దును, గడ్డిమోపును సన్యాసయ్య మనుషులకు అప్పగించాడు. సన్యాసయ్య లేడు. కొత్త సరుకు తేవడానికి పడవెక్కి పక్క రేవుకు వెళ్లాడట. అచ్చయ్య తుమ్మచెట్టు దగ్గరకు నడిచాడు. మొన్న నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

"ఎండ బాగా కాస్తోంది కదా అక్కా" అన్నాడు.

"కాస్తోంది."

"గడ్డి కూడా ప్రియమైపోయింది."

"చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు తమ్ముడూ?" అంది పైడమ్మ. "చల్లన్న కోసం వచ్చావు. అడుగు."

"వీడి లోపాలు మళ్లీ ఒకసారి చెప్పు అక్కా. ఈసారి నవ్వను."

పైడమ్మ చెప్పింది. అచ్చయ్య విన్నాడు. ఏ ఏ గుమ్మాల ముందు ఆగుతాడో అడిగాడు. ఎంతసేపు ఆగుతాడో అడిగాడు. తర్వాత చల్లన్న ముందుకు వెళ్లి, "నిజమేనా నాయనా?" అన్నాడు.

"నిజమే" అంది ఎద్దు. "పైగా ఆమె ఒకటి చెప్పడం మరిచిపోయింది. నాకు గొడుగులంటే భయం."

"మరి ఈ పాడెసుడి?" అన్నాడు అచ్చయ్య, గొంతు తగ్గించి.

పైడమ్మ పకపకా నవ్వింది. "ఆ సుడితోనే వీడు నా ఇంట్లో ముసలివాడయ్యాడు. నేనూ వీడితోపాటే ముసలిదాన్నయ్యాను. బతికే ఉన్నాను కదయ్యా!"

ఆ సాయంత్రం అచ్చయ్య అరుగు మీద కూర్చోలేదు. తాంబూలం వేసుకోలేదు. ఎండ ఇంకా చురుక్కుమంటుండగానే నూనె కూజా బండిలో పెట్టాడు. దారిలో ఆగే గుమ్మాలన్నీ మనసులో ఒకసారి తలుచుకున్నాడు. "పద నాయనా" అన్నాడు. చల్లన్న కదిలాడు.

వీధిలో కుర్రకారు నవ్వారు. "దీపాల తాతా, ఒంటికొమ్ము గుర్రం ఎక్కడ దొరికింది?" అన్నారు. అచ్చయ్య చెవులు ఎర్రబడ్డాయి. తలవంచుకుని తోలాడు.

మొదటి గుమ్మం రానే వచ్చింది. చల్లన్న ఆగాడు. లోపలి నుంచి చూపు ఆనని ఒక ముసలామె గిన్నె పట్టుకుని తడుముకుంటూ వచ్చింది. "చక్రం చప్పుడు విన్నాను. చల్ల తెచ్చావటే పైడీ? ఎన్నాళ్లయిందే!"

"చల్ల కాదు పిన్నీ. నేను అచ్చయ్యను. దీపం నూనె తీసుకెళ్తున్నాను."

"అచ్చయ్యా! నీ గొంతు విని ఎన్నాళ్లయిందిరా! గంగులు గంట వినపడక పొద్దెప్పుడు వాలుతోందో తెలియడం లేదు నాకు" అంది ఆమె. తడుముతూ వచ్చి చల్లన్న మెడ నిమిరింది. చల్లన్న కదిలాడు.

రెండో గుమ్మం దగ్గర సాలె ఆయన మగ్గం మీంచి లేచొచ్చి బాగోగులు అడిగాడు. పెళ్లినాటి సంగతి ఒకటి గుర్తుచేసి నవ్వించాడు. మరో గుమ్మంలో ఒక కోడలు, చల్లన్నకు అలవాటైన బెల్లంముక్క తెచ్చి పెట్టింది. గంగులు పోయాక అచ్చయ్య ఎవరి మొహమూ సరిగ్గా చూడలేదు. వాళ్లంతా తన కోసం ఇలా ఎదురుచూశారని అతనికి తెలియదు.

రేవుకు ముందు ఆఖరి గుమ్మం వలలు అల్లే ముసలాయనది. ఆయన వల పక్కన పెట్టి లేచాడు. అచ్చయ్యను పలకరిస్తూ ఆకాశం వంక చూశాడు.

"అచ్చయ్యా, నైరుతి మూల చూడు. ఆ మబ్బు మంచిది కాదు. ఇవాళ పొద్దు వాలేదాకా వెలుతురు ఉండదు. పద, పద!"

అచ్చయ్య చూశాడు. కొండంత నల్లమబ్బు సముద్రం మీద లేస్తోంది. కానీ ఇక రేవు ఎంత దూరం? చల్లన్న పరుగెత్తలేదు, ఆగనూ లేదు. తన నడక తాను నడిచి, "నాయనా, ఇక్కడ" అనగానే దీపస్తంభం మొదట్లో నిలబడ్డాడు.

అచ్చయ్య మెట్లు పట్టుకుని పైకెక్కాడు. నూనె పోశాడు, వత్తి ఎగదోశాడు, వెలిగించాడు. అద్దపు తలుపు మూశాడో లేదో, మబ్బు సూర్యుణ్ణి మింగేసింది. పొద్దు వాలకుండానే చిమ్మచీకటి పడింది. గాలి, వాన ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఆ చీకట్లో వెలుగన్నది ఆ ఒక్క దీపానిదే.

వరాహాలయ్య తాటాకు గొడుగు వేసుకుని పరుగు పరుగున వచ్చాడు. మబ్బు చూసి, ఈ చీకటికి అచ్చయ్య ఇంకా ఇంటి దగ్గరే ఉంటాడని, పడవల గతి ఏమిటని అతనికి చెమటలు పట్టాయి. వచ్చి చూస్తే పైన దీపం వెలుగుతోంది. కింద ఒంటికొమ్ము ఎద్దు వానలో తడుస్తూ, గొడుగును చూసి బెదురుతోంది. వరాహాలయ్య గొడుగు దూరంగా పడేసి, తానూ తడుస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి పడవలు కనబడ్డాయి. ఒకదాని వెనుక ఒకటి, దీపాన్నే చూసుకుంటూ, రాళ్లకు ఎడంగా తిరిగి ఒడ్డుకు చేరాయి. ఒక్కటీ తప్పిపోలేదు. చివరి పడవలోంచి ముద్దగా తడిసిన మనిషి ఒకడు దిగి ఇసుకలో కూలబడ్డాడు. ఎవరనుకున్నారు? మన సన్యాసయ్యే!

పళ్లు టకటకలాడుతుండగా అన్నాడు, "బావా... ఆ దీపం లేకపోతే ఈపాటికి నేను చేపలపాలు. ఇంత పెందరాళే ఎలా వచ్చావు? గుర్రం ఎక్కివచ్చినా ఇంత తొందరగా రాలేవే!"

"గుర్రం ఉంటే ఇంకా అరుగు మీదే ఉండేవాణ్ణి సన్యాసయ్యా" అన్నాడు అచ్చయ్య. "వీడు నెమ్మదిగాడని ముందే తెలుసు. అందుకని ముందుగా బయలుదేరాను."

సన్యాసయ్య ఒంటికొమ్ము వంక చూశాడు. వీపు మీది సుడి వంక చూశాడు. ఆ సుడి ఉన్న ఎద్దే కదా తన పాడె ఆపింది!

వరాహాలయ్య తాళంచెవి అడగలేదు. అచ్చయ్య చేతిలో ఉన్న దాన్ని, అచ్చయ్య గుప్పిటలోనే మూశాడు.

మర్నాడు ఎండ కాసింది. పైడమ్మతో బేరం మాటల్లేకుండా కుదిరిపోయింది. తన గుమ్మం ముందు కూడా రోజూ ఆపాలన్నది ఆమె షరతు. ఆపమని వేరే చెప్పాలా, చల్లన్న ఆగకుండా పోతాడా?

సాయంత్రం బయలుదేరే ముందు నూకాలు గోడ మేకు మీది గంట తీసి తెచ్చింది. చింతపండుతో తోమింది, తళతళా మెరుస్తోంది. అచ్చయ్య చేతిలో పెట్టింది. అచ్చయ్య దాన్ని చల్లన్న మెడలో కట్టాడు.

"ఇది ఎవరి గంట?" అన్నాడు చల్లన్న.

"నీకంటే ముందు ఒకడుండేవాడు నాయనా. వాడిది."

"వాడు మంచివాడేనా?"

"చాలా మంచివాడు. కాకపోతే కల్లుపాక ముందు ఆగేవాడు."

చల్లన్న కాసేపు నెమరువేశాడు. "అయితే నన్నూ అక్కడ కాసేపు ఆగమంటావా?"

అచ్చయ్య పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఆగు నాయనా. ఇంకాస్త ముందుగా బయలుదేరదాం."

గంట మోగింది. బండి కొండ దిగింది. కింద వీధిలో ఎవరో ఇల్లాలు, "గంట వినిపించింది, పొయ్యి రాజెయ్యండే" అని కేకేసింది. పిల్లలు కాళ్లు కడుక్కోవడానికి పరుగెత్తారు.

దీపం రేవుకు చేరింది, కథ మీ ఒళ్లోకి చేరింది. కాబట్టి పిల్లలూ, పాతది కొనేటప్పుడు సంతలో దాని సొగసు కాదు, మన దారిలో దాని నడక చూడాలి. ఎందుకంటే దళారీ పొగిడిన గొప్ప కంటే, ఉన్నదున్నట్టు చెప్పిన లోపమే మేలు.